మేస్త్రీ బయటికి రాని రోజులు

ఒక్క చేప కోసం పదకొండు తొట్లు పోగొట్టుకున్న పిచ్చిది అని మా అక్కకి చుట్టాల్లో పేరు పడిపోయింది. అనేవాళ్ళకేం, నోరు కదిపితే చాలు. మొన్న మా పిన్నత్తగారైతే, కూర వండుకోవడానికైనా పనికిరాని చేపట కదా అని నన్నే అడిగింది. ఒళ్ళు మండిపోయింది. ఇలా మాట్లాడేవాళ్ళలో ఒక్కరూ ఆ నెలంతా మా కంటి ఆసుపత్రి హాల్లో లేరు. నేనున్నాను. ఉండటం ఒకటే కాదు, జరిగినదాంట్లో సగం తప్పు నాది. కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. తోడికోడళ్ళంటే ఎడమొహం పెడమొహం అని లోకం అనుకుంటుంది కదా, మేమూ మొదటి రెండేళ్ళు లోకం మాట నిలబెట్టాం. ఆ తర్వాత ఇద్దరికీ తీరిక లేకపోయింది. తనకి చేపలు, నాకు రోగులు.

బావగారికి రంగు చేపల దుకాణం ఉండేది. దుకాణమంటే రెండు పెద్ద షాపుల మధ్య మిగిలిపోయిన సందుకి తలుపు పెట్టుకోవడమే. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. ఒకరోజు నీళ్ళున్న తొట్టిని ఒంటరిగా జరపబోయి ఆయన నడుము పట్టేసింది. మూడు నెలలకి లేచి తిరిగారు కానీ బరువులు ఎత్తడం ఇక కుదరదన్నారు. అప్పటిదాకా అక్కకి చేపలంటే భయం. మొదటిరోజు మోచేతిదాకా రబ్బరు తొడుగులు వేసుకుని, మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళలో చెయ్యి పెట్టిందని బావగారు ఇప్పటికీ ఏడిపిస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో పన్నెండు చోట్ల పెద్ద తొట్లు అక్క చేతిమీద నడిచాయి. హోటలు, బ్యాంకు, పళ్ళ డాక్టరు, బట్టల షాపు, అన్నిటికంటే పెద్దది మా ఆసుపత్రిది. అందరూ చేపలక్క అనేవాళ్ళు. అసలు పేరు అడిగితే ఆమె కూడా ఒక క్షణం ఆలోచించేదేమో.

ఆమె పనితీరే వేరు. భుజాన పైపు చుట్ట, ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో మడత స్టూలు. ఎక్కడికి వెళ్ళినా వెంటనే నీళ్ళు ముట్టుకోదు. తొట్టికి రెండు గజాల దూరంలో స్టూలు వేసుకుని పావుగంట ఊరికే కూర్చుంటుంది. ఏ చేప మూల నక్కింది, ఏది పైకొచ్చి గాలి మింగుతోంది, ఏది ఏ చేపని తరుముతోంది, అన్నీ చూసి చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటుంది. కడగమని పిలిస్తే సినిమా చూస్తున్నావేంటమ్మా అని హోటలు మేనేజరు ఒకసారి వెటకారమాడాడు. "నేను వచ్చానని ముందు వాటికి తెలియాలి కదండీ, చెప్పకుండా ఎవరింట్లోకైనా చెయ్యి పెడతామా" అంది అక్క. ఎప్పుడూ అదే వెలిసిపోయిన నీలం ఏప్రాను. కొత్తది కొనుక్కోవే అంటే, వీళ్ళకి ఈ రంగు అలవాటైంది అనేది. వీళ్ళు అంటే చేపలు.

మా ఆసుపత్రి తొట్టి ఆరడుగుల పొడవు. అందులో ఒకే ఒక్కడు, మేస్త్రీ. ఆస్కార్ అంటారు ఆ జాతిని. నల్లటి ఒంటి మీద నిప్పురంగు మరకలు, తోక మొదట్లో కన్నులాంటి గుండ్రటి మచ్చ. తొమ్మిదేళ్ళ క్రితం అక్క బొటనవేలంత పిల్లని కవరులో పెట్టి తెచ్చింది. ఇప్పుడు మోచెయ్యి నుంచి మణికట్టుదాకా ఉంటాడు. మేస్త్రీ అని ఎందుకన్నామంటే, వాడికి పొద్దస్తమానం ఒకటే పని. అడుగున ఉన్న గులకరాళ్ళని ఒక్కొక్కటీ నోట కరుచుకుని ఈ మూల నుంచి ఆ మూలకి మోస్తాడు, ఒకచోట పెట్టి, వెనక్కి జరిగి చూసి, నచ్చకపోతే మళ్ళీ తీస్తాడు. ఇల్లు కట్టించుకున్నవాళ్ళెవరైనా వాణ్ణి చూస్తే ఆ పేరే పెడతారు.

మా హాల్లో వాడు అలంకారం కోసం లేడు. నా ఉద్యోగం ఏమిటంటే రోగుల కళ్ళల్లో చుక్కలు వేయడం. ఆ మందు పడ్డాక కంటిపాప పెద్దదై, లోపలంతా డాక్టరమ్మకి కనిపిస్తుంది. కానీ రోగికి రెండు గంటలపాటు అన్నీ మసకే. పేపరు చదవలేరు, ఫోను చూడలేరు, వెలుతురు పడితే సూదులు గుచ్చినట్టుంటుంది. రోజుకి యాభైసార్లు ఒకటే పాఠం నాది. లైటు వైపు చూడకండి, ఎండలోకి వెళ్ళకండి, ఈ నల్లద్దాలు పెట్టుకోండి. అలా కూర్చున్నవాళ్ళకి ఏమీ తోచదు. మేస్త్రీ మాత్రం అంత పెద్ద ఒళ్ళు కాబట్టి మసకలో కూడా కనిపించేవాడు. ఆపరేషనుకి భయపడుతూ వచ్చిన ముసలాయన ఒకాయన, ఆ రాయి ఎక్కడ పెట్టాడమ్మా, కుడివైపేనా అని నన్ను అడుగుతూ భయం మర్చిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంతలో కంపెనీ ఊడిపడింది. ఊళ్ళో ఉన్న తొట్ల పనంతా ఒక్కచోట నుంచి చూస్తామంటూ, మీ చేపల్ని కంటికి రెప్పలా కాపాడతాం అని నున్నటి కాగితాల మీద అచ్చువేసి పంచింది. హోటలువాళ్ళు, బ్యాంకువాళ్ళు, మా ఆసుపత్రి మేనేజరు, అందరూ ఒకరిని చూసి ఒకరు సంతకాలు పెట్టేశారు. బావగారి సందు దుకాణం మూతపడింది. అక్కని మాత్రం అవే పన్నెండు తొట్లకి కంపెనీ మనిషిగా పెట్టుకున్నారు. తొట్టికి ఇరవై ఐదు నిమిషాలు అని ఫోనులో లెక్క. పావుగంట కూర్చుంటానంటే కుదరదు. అక్క ఏం చేసిందంటే, ప్రతిచోటికీ పావుగంట ముందే వెళ్ళి, ఫోనులో హాజరు నొక్కకుండా తన సొంత టైములో స్టూలు వేసుకుని కూర్చునేది. నాకు చిరాకేసింది. వాళ్ళు కూడా చూడని పని ఎందుకు చేస్తావక్కా అన్నాను. నవ్వి, మడత స్టూలు చంకన పెట్టుకుంది.

ఆ తర్వాత నెల మొదటి తారీఖు నుంచి ఫోటోల రూలు వచ్చింది. పని జరిగిందని రుజువు కావాలట. ప్రతి తొట్టికీ రోజూ పొద్దున్న ఎనిమిదిలోపు ఒక ఫోటో, అందులో అద్దం శుభ్రంగా, చేప పూర్తిగా కనబడాలి. అక్క మా దగ్గరికి వచ్చేది మంగళవారం, శుక్రవారం. మిగతా రోజుల సంగతేంటి అని కంపెనీ సూపర్‌వైజరు మా మేనేజరుని అడిగితే, ఆయన నన్ను చూపించాడు. పొద్దున్నే హాలు తలుపులు తీసేది నేనే కదా, మంగళ, శుక్రవారాలు కూడా ఈమే ఫోటో తీసేస్తుందిలెండి అన్నాడు. నా ఫోనులో వాళ్ళది ఏదో ఎక్కించి ఇచ్చాడు సూపర్‌వైజరు. మేమెలాగూ చేతులు ముడుచుకుని కూర్చున్నాం అన్నట్టు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

మొదటిరోజు ఫోటో తీస్తే, చీకటిగా ఉంది మళ్ళీ తీయండి అంది ఫోను. లైట్లు వేసి తీస్తే, అద్దంలో లైట్ల నీడ పడింది మళ్ళీ తీయండి అంది. ఆరుసార్లు తీశాక కిటుకు దొరికింది. లైట్లు వేయకముందే, హాలు చీకటిగా ఉండగానే, ఫోనుని అద్దానికి ఆనించి ఫ్లాష్ కొట్టాలి. ఠక్కున ఆకుపచ్చ గుర్తు పడింది. ఇక రోజూ అదే వరస. తలుపు తియ్యడం, చీకట్లో నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళడం, ఫ్లాష్. వాడు కదిలిపోతే ఇంకోటి, ఇంకోటి. ఆ తర్వాత లైట్లు వేసి, చేతులు కడుక్కుని, మొదటి రోగిని కూర్చోబెట్టి, లైటు వైపు చూడకండి అని పాఠం మొదలుపెట్టేదాన్ని. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు.

పదిరోజులు తిరిగేసరికి మేస్త్రీ మారిపోయాడు. ముందు రాళ్ళు మోయడం మానేశాడు. తర్వాత ఎవరైనా దగ్గరికొస్తే తొట్టిలో పెట్టిన ఎండు మొద్దు వెనక్కి పారిపోవడం మొదలుపెట్టాడు. మూడోవారానికి మొద్దుకీ ఫిల్టరు పైపుకీ మధ్య ఇరుక్కుని, ఒక పక్కకి ఒరిగి, రోజంతా అక్కడే. ఒంటి మీద నిప్పురంగు మాసిపోయింది. మేత వేస్తే గింజలు నాని అడుక్కి దిగిపోయేవి. రోగులు వచ్చి, చేప చచ్చిపోయిందా అమ్మా అని అడిగేవాళ్ళు. ఫోనులో వరసగా ఎర్రగుర్తులు. చేప కనపడలేదు, చేప కనపడలేదు.

ఎర్రగుర్తు పడితే ఎవరి పేరు మీద పడుతుంది? ఫోటో తీసిన నా పేరు మీద కాదు, అక్క పేరు మీద. పని చేయలేదు అని. సూపర్‌వైజరు నాకు ఫోను చేసి, కర్ర ఏదైనా తీసుకుని కాస్త కదిలించండమ్మా, బయటికొస్తాడు అన్నాడు. నేను చేపల్ని తీసే చిన్న వల కాడ పెట్టి రెండు రోజులు కదిలించాను. అక్క మీద ఎర్రగుర్తు పడకూడదనే చేశాను. ఇప్పుడది తలుచుకుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంటుంది.

అక్క వచ్చి నీళ్ళు పరీక్షించింది. గాజు గొట్టంలో మందు చుక్కలు వేసి రంగు చూసింది, బాగానే ఉన్నాయి. వేడి సరిగ్గానే ఉంది. హీటరు తీసి, తుడిచి, పగుళ్ళున్నాయేమో వేలితో తడిమి చూసింది. ఒంటి మీద పుండ్లు లేవు, మొప్పలు మామూలుగానే కదులుతున్నాయి. ఇంతటి చేప ఊరికే దాక్కోదే, దేనికో భయపడ్డాడు అంది. అద్దం మీద ఎవరైనా కొడుతున్నారా, కుర్చీలు జరిపారా, గోడకి రంగు మార్చారా, నర్సుల బట్టలు మారాయా, ఏదైనా కొత్త మోత వస్తోందా అని ఒక్కొక్కటీ అడిగింది. నేను అన్నిటికీ లేదన్నాను. ఫోటోల సంగతి తనకి తెలుసు. కానీ వచ్చేపోయే రోగుల పిల్లలందరూ ఫోన్లతో వాణ్ణి ఫోటోలు తీసేవాళ్ళే కాబట్టి అదొక కొత్త సంగతిలా తనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

మా మేనేజరు వాదన వేరు. శ్రద్ధ తగ్గింది, కంపెనీ జీతం వచ్చాక ఇంకేముంది అన్నాడు. సూపర్‌వైజరు ఇంకో అడుగు ముందుకేసి, ఈ చేపకి వయసైపోయింది, రోగమొచ్చింది, శుక్రవారం వచ్చి తీసుకెళ్ళిపోయి మెరిసే చిన్న చేపలు రెండు డజన్లు వేస్తాం అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. తీసుకెళ్ళి ఏం చేస్తారు అని అక్క అడిగింది. మా దగ్గర మిగతావాటితో ఉంచుతాం అన్నాడు. ఆ మిగతావాటిని అక్క చూసింది. కంపెనీ గోడౌనులో మూతలేని నీలం డ్రమ్ముల్లో, గాలి కూడా సరిగ్గా అందకుండా. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తొమ్మిదేళ్ళు సాకి డ్రమ్ములో పడేయడానికి ఇచ్చేస్తానా అంది. బావగారి సందు దుకాణం గుర్తుగా మిగిలింది కూడా ఇప్పుడు మేస్త్రీయే కదా.

బుధవారం అక్క సెలవు పెట్టి పొద్దున్నే నాతోపాటు ఆసుపత్రికి వచ్చింది. రోజంతా స్టూలు మీద కూర్చుని చూస్తానంది. నేను బస్సులో ఆమెనే చూస్తున్నాను. బస్సు నంబరు చదవడానికి కళ్ళు చికిలించింది. కొన్నాళ్ళుగా గొట్టంలో రంగులు పోల్చుకోవడం కష్టంగా ఉందని, తలనొప్పి వస్తోందని అంటూనే ఉంది. ఎలాగూ కూర్చుంటానంటున్నావు, చూపించేసుకో అని పోరాను. సరేలే అంది. దారిలో బస్సు ఆగిపోయి మేము లోపలికొచ్చేసరికి ఎనిమిది దాటింది, ఫోటో పంపలేదు. తలుపులు తీసి, కర్టెన్లు ఎత్తకుండానే ముందు అక్కకి చుక్కలు వేశాను. రోగులు ఇంకా రాలేదు. హాలు చివర, తొట్టి ఎదురుగా, చీకటిగా ఉన్నచోట స్టూలు వేసుకుని కూర్చుంది.

ఇరవై నిమిషాలకి సూపర్‌వైజరు ఫోను. ఇవాళ్టి ఫోటో రాలేదు, ఇప్పటికే ఎన్ని ఎర్రగుర్తులో తెలుసా అని గట్టిగానే అన్నాడు. నేను గబగబా వచ్చి, అక్క పక్కన నిలబడి, ఫోను అద్దానికి ఆనించి ఫ్లాష్ కొట్టాను.

అక్క కెవ్వుమని రెండు చేతులతో మొహం కప్పుకుని స్టూలు మీద నుంచి పక్కకి ఒరిగిపోయింది. తొట్టిలో ధబ్బుమని చప్పుడు, మేస్త్రీ తల మొద్దుకి కొట్టుకుంది. రెండూ ఒకేసారి. నేను ఫోను పట్టుకుని దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాను.

కాసేపటికి అక్క చేతులు తీయకుండానే అడిగింది. "రోజూ ఇలాగే తీస్తున్నావా?"

"రోజూనే అక్కా."

"చీకట్లోనా?"

"చీకట్లోనే. అప్పుడే ఒప్పుకుంటుంది అది."

"నాకు అడ్డం పెట్టుకోవడానికి చేతులున్నాయే. వాడికి రెప్పలు కూడా లేవు."

చేపకి రెప్పలుండవని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, వాడు ఒక్కసారైనా కన్ను మూయగా చూడలేదు. నిద్రపోయినా కళ్ళు తెరిచే. పదిహేనేళ్ళుగా వేలమంది కళ్ళని వెలుతురు నుంచి కాపాడినదాన్ని నేను. రాత్రంతా చీకట్లో ఉన్న కళ్ళలోకి పొద్దున్నే నిప్పు కొట్టానని తెలుసుకోవడానికి నా తోడికోడలు స్టూలు మీద నుంచి పడాల్సొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అక్క తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, నా చెయ్యి కోసం తడుముకుంది. నల్లద్దాలు తెచ్చి పెట్టాను.

శుక్రవారం పొద్దున్న సూపర్‌వైజరు మూత ఉన్న డబ్బా, పెద్ద వల పట్టుకుని దిగాడు. అప్పటికే తొట్టికి మూడు వైపులా అక్క పాత పేపర్లు అంటించింది. రోగం కాదు సారూ, ఫ్లాష్ వల్ల బెదిరిపోయాడు, కొన్నాళ్ళు ఫోటోలు ఆపితే తనంతట తనే వస్తాడు అని నెమ్మదిగా చెప్పింది. ఆయన నవ్వాడు. ఫోటోకి భయపడే చేపని నేనెక్కడా చూడలేదమ్మా, మిగతా చోట్ల ఇలా లేదే అన్నాడు. బ్యాంకులో చేపలు మేత మానేశాయని, హోటల్లో పొడవాటి చేప మూతకి ఎగిరి కొట్టుకుందని అక్క నోటుపుస్తకం తీసి తారీఖులతో చూపించింది. ఆయన ఆ పుస్తకం వైపు చూడనైనా చూడలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఇక్కడ వినేవాడికే చెప్పేది లోకువైంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చుక్కల సీసా పట్టుకుని ఆయన ఎదురుగా వెళ్ళాను. "రండి సార్, ఆ కుర్చీలో కూర్చోండి. రెండు చుక్కలు వేస్తాను. అరగంట ఆగి మీ ఫోటో ఒకటి తీసుకుంటాను, అద్దానికి ఎంత దగ్గరగా పెట్టి తీశానో అంత దగ్గరగా. అప్పుడు కూడా మీరు కుర్చీలోనే ఉంటే, చేపని తీసుకెళ్ళండి."

హాల్లో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న రోగులు నవ్వారు. ఆ నవ్వులకి డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చింది. సంగతంతా విని, తొట్టి వైపు చూసి, నా వైపు చూసి, చీకట్లోనా అని అడిగింది. అవునన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. కంటి డాక్టరు హాల్లో ఇన్నాళ్ళు జరిగింది కదా మరి. డబ్బా వెనక్కి తీసుకెళ్ళండి, ఒక వారం చూద్దాం అంది.

సూపర్‌వైజరు సరే మేడమ్ అని, అక్క వైపు తిరిగాడు. వారం అంటే వచ్చే శుక్రవారం పొద్దున్న ఎనిమిది. ఆలోగా చేప కనబడే ఫోటో ఒకటి ఆకుపచ్చ గుర్తుతో రావాలి. రాకపోతే ఇప్పటిదాకా పడిన ఎర్రగుర్తులన్నీ కలిపి, పన్నెండు తొట్ల నుంచీ నీ పేరు తీసేస్తారు. నువ్వు ఆ రోజు ఆఫీసుకొచ్చి కూర్చో అన్నాడు. మీరే వచ్చి కళ్ళతో చూసుకోవచ్చు కదా అన్నాను. "నేను చూస్తే ఏం లాభమమ్మా, ఫోను చూడాలి" అన్నాడు. ఈ మాట ఒక మనిషి నోటి నుంచి, కంటి ఆసుపత్రిలో నిలబడి వచ్చింది. డాక్టరమ్మ కూడా, అది మీకూ మీ కంపెనీకీ మధ్య విషయం అని గదిలోకి వెళ్ళిపోయింది. మధ్యలో ఉన్నది చేప అని ఎవరికీ పట్టలేదు.

ఆ వారం నా పొద్దులు మారిపోయాయి. తలుపు తీశాక తొట్టి వైపు వెళ్ళను. ముందు దూరపు కిటికీ కర్టెను జానెడు ఎత్తుతాను. పది నిమిషాలాగి వసారాలో లైటు. ఇంకాసేపాగి హాల్లో ఒకటి. తొట్టి లైటు అన్నిటికంటే చివర, రోగులు వచ్చాక. అక్క రోజూ తన పని చూసుకుని సాయంత్రాలు వచ్చి స్టూలు మీద కూర్చునేది. మాట్లాడేది కాదు, చెయ్యి ఊపేది కాదు, ఆ నీలం ఏప్రానుతో కూర్చోవడం, అంతే. మూడోరోజు మొద్దు పక్కనుంచి తోక కొస కనిపించింది. అయిదోరోజు ఒక గింజ, మొద్దు పక్కన పడినది, మాయమైంది. అది తిన్నాడో, కిందికి జారిందో అని ఇద్దరం కొట్టుకున్నాం. గురువారం సాయంత్రం కూడా పూర్తిగా బయటికి రాలేదు. ఇంటికి వెళ్ళేటప్పుడు అక్క, వాడికి తొందరేంటిలే అంది. గడువు తనది, తొందర లేదని వాడి గురించి చెబుతోంది.

శుక్రవారం అక్క కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. నేను హాలు తెరిచి, కర్టెను జానెడు ఎత్తి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడూ నలభైకి మొద్దు వెనకనుంచి ముందు మూతి వచ్చింది. తర్వాత తల. తర్వాత మొత్తం మేస్త్రీ, నెమ్మదిగా, అద్దం పొడుగునా ఈదుకుంటూ వచ్చి, అడుక్కి వంగి, ఒక తెల్లరాయిని నోట కరుచుకున్నాడు.

నా చేతిలో ఫోను ఉంది. చీకట్లో మామూలుగా తీస్తే ఒప్పుకోదు, లైట్లు వేస్తే నీడ పడుతుంది, ఒప్పుకోదు. ఒక్క ఫ్లాష్ కొడితే ఒప్పుకుంటుంది. ఒక్కటంటే ఒక్కటి. పన్నెండు తొట్లూ నిలబడతాయి. గొంతు తగ్గించి అక్కకి ఫోను చేశాను.

"అక్కా, వచ్చాడు."

"పూర్తిగానా?"

"పూర్తిగా. తోక మీద కన్ను కూడా కనిపిస్తోంది. నోట్లో రాయి ఉంది. అక్కా, ఇంకా ఇరవై నిమిషాలుంది, ఒక్కటి తీసెయ్యనా? ఒక్కటే."

"తియ్యకు."

"పదకొండు తొట్లక్కా. మిగతా వాటికైనా నువ్వుండాలి కదా. నువ్వు లేకపోతే వాటిని ఎవరు చూస్తారు?"

ఈ మాట ఆమెకి తగిలిందని నాకు తెలిసింది. ఊపిరి వినబడింది. బ్యాంకు చేపలు, హోటలు చేప, అన్నీ ఆమె కళ్ళ ముందు కదిలి ఉంటాయి. తర్వాత గొంతు సరిచేసుకుంది.

"వాడు మనల్ని నమ్మి బయటికొచ్చాడే. వచ్చినందుకు మళ్ళీ మొహాన కొడతామా? వద్దు. నువ్వు చూశావుగా. నువ్వు చెప్పు, నేను వింటాను."

నేను ఫోనుని చెవికి ఆనించుకుని, గోడ దగ్గర అలాగే కింద కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను. రంగు ఇంకా పూర్తిగా రాలేదని, మెడ దగ్గర మాత్రం నిప్పురంగు తేలిందని. మొద్దుకి కొట్టుకున్నచోట చిన్న గీత ఉందని, మానుతోందని. రాయిని కుడిమూలకి తీసుకెళ్ళాడని, పెట్టాడని, వెనక్కి జరిగి చూశాడని, నచ్చలేదని. అక్క ఊఁ కొడుతూనే ఉంది. కర్టెను కింద వెలుతురు గచ్చు మీద కొంచెం కొంచెం ముందుకి జరుగుతోంది. గోడ గడియారంలో ఎనిమిది దాటింది. అవతల అక్క ఫోనులో టింగుమని సందేశం వచ్చిన చప్పుడు నాకు కూడా వినబడింది. నేను ఆగిపోయాను.

"అది కంపెనీదేలే," అంది అక్క. "నువ్వు చెప్పు. ఆ రాయి మళ్ళీ తీశాడా?"

"తీశాడక్కా."

"ఎక్కడ పెట్టాడు?"